ముద్ద మిస్బాహ్

లిబియా సరిహద్దున మా ట్యునీసియా ఊరు బెన్ గర్దానెలో మిస్బాహ్‌లు వీధికొకరు ఉంటారు. లిబియాకి బండి తోలే మిస్బాహ్ కావాలంటే మాత్రం ‘ముద్ద మిస్బాహ్’ అని అడగాలి. అలా అడిగితే బజారులో గాడిదబండివాడి దగ్గర్నుంచి సరిహద్దు గేటులో ముద్ర కొట్టే జవాను దాకా ఎవరైనా ముందు ఓ నవ్వు నవ్వి, ఆ తర్వాత దారి చూపిస్తారు. ఆ నవ్వు అతని చెవిన పడని రోజు లేదు. అయినా మిస్బాహ్ తన పద్ధతి మానలేదు.

పద్ధతి ఏమిటంటే, సరిహద్దు దాటించమని ఎవరు ఏ తినే వస్తువు ఇచ్చినా, ఇచ్చినవాళ్ళు అతని కళ్ళముందే అందులోంచి ఓ ముద్ద తీసి తినాలి. తిని మింగాలి. మింగాక నోరు తెరిచి చూపించమన్న రోజులు కూడా ఉన్నాయి. పెళ్ళివారి మిఠాయి గానీ, బాలింతకి పంపే వేపుడు పిండి గానీ, ఇమాముగారు తమ్ముడికి పంపే ఆలివ్ ఊరగాయ గానీ, ముద్ద దిగందే డిక్కీ తెరుచుకోదు.

మా వైపు ఇది చిన్న తప్పు కాదు. డ్రైవరు చేతిలో పెట్టిన మూటని అమానతు అంటాం. అమానతు విప్పి చూడటమంటే, ఇచ్చినవాడి మొహం మీదే ‘నువ్వు దొంగవి’ అనడం. మిగతా డ్రైవర్లు మూట బరువు కూడా చూడరు. ‘ఎవరికి?’ అని ఒక్క మాట అడిగి సీటు కిందికి తోసేస్తారు. ఒకప్పుడు మిస్బాహ్ కూడా అంతే.

అతని జుట్టు ఇంకా నల్లగా ఉన్న రోజుల మాట ఇది. లామీన్ అని చిన్ననాటి స్నేహితుడు, ఒకే కంచంలో కలిసి తిని పెరిగినవాడు, సంచీడు ఖర్జూరాలు తెచ్చి ట్రిపోలీలో మా చుట్టాలకి ఇయ్యరా అన్నాడు. మిస్బాహ్ సరేనన్నాడు. గేటు దగ్గర అధికారి ఊసుపోక ఒక కాయ నోట్లో వేసుకుని కొరికాడు. గింజ ఉండాల్సిన చోట మాత్ర ఉంది. ఇంకోటి చీల్చాడు, అందులోనూ మాత్రే. అంత ఓపిగ్గా కాయకాయలోంచీ గింజ తీసి, మత్తుమాత్ర కూరి, మళ్ళీ మూసిన చేతులు ఎవరివో ఎవరూ తేల్చలేదు. లామీన్ ‘నాకూ ఎవరో ఇచ్చారు, లోపల ఏముందో నాకేం తెలుసు’ అని ఒట్టేసి తప్పుకున్నాడు. సరిహద్దు దగ్గర బండి ఎవరిదో నేరం వాడిది. చలికాలం చివర్లో లోపలికి వెళ్ళిన మిస్బాహ్ మళ్ళీ ఆలివ్ కాయలు దులిపే రోజులకి గానీ బయటపడలేదు.

ఈలోగా అతని భార్య తిబ్రా రోడ్డు పక్కన గరాటు, సీసాలు పెట్టుకుని లిబియా పెట్రోలు అమ్మి పిల్లల్ని సాకింది. తిరిగొచ్చిన మొగుడు మొదటిరోజు కంచం ముందు కూర్చుని, చెయ్యి పెట్టకుండా ఆమెవైపే చూస్తూ ఉండిపోయాడట. “ఏమిటా చూపు? విషం కలిపాననుకున్నావా?” అని ఆమె నవ్వుతూ ఓ ముద్ద తిని చూపించింది. అప్పుడు తిన్నాడు. ఎగతాళికి మొదలుపెట్టిన ఆ పని ఇన్నేళ్ళయినా ఆ ఇంట్లో ఆగలేదు. రోజూ ముందు ఆమె ముద్ద, ఆ తర్వాత అతని ముద్ద. అందులో నవ్వు ఎప్పుడో పోయింది.

రంజాన్ నెల వస్తే మిస్బాహ్‌కి చిక్కే. పగలు ఎవరూ తినరు కాబట్టి పగలు ఎవరి తిండి మూటా ముట్టుకోడు. ఆ ఏడాది రంజాన్ చివర్లో ఆ చిక్కు ఇంకాస్త బిగిసింది. నెలవంక కోసం అందరూ ఆకాశం చూస్తే, లిబియా వాళ్ళకి కనిపించింది, మా ట్యునీసియా వాళ్ళకి కనిపించలేదు. అంటే తెల్లవారితే అటు పండగ, ఇటు ఇంకో రోజు రోజా ఉపవాసం. మాకిది కొత్త కాదు. ఏ నేల మీద నిలబడితే ఆ నేల లెక్క పాటించాలా, ఏ ఇంటికి పోతున్నామో ఆ ఇంటి లెక్కా అని మా డ్రైవర్లు టీ కొట్టులో ఏళ్ళ తరబడి గొంతులు చించుకుంటున్నారు. రెండు గేట్ల నడుమ ఎవరిదీ కాని ఆ కాస్త నేల మీద బండి ఆగిపోతే ఎవరి చంద్రుణ్ణి నమ్మాలో ఇప్పటిదాకా ఒక్కడూ తేల్చలేదు.

ఆ తెల్లవారి మిస్బాహ్ అటువైపు, జువారా ఊళ్ళో ఉన్నాడు. ముందురోజు జనాన్ని దింపి బండిలోనే పడుకున్నాడు. లేచేసరికి వీధి వీధంతా కొత్త బట్టలు, అత్తరు వాసన. ఎదురైన ప్రతివాడూ మిఠాయి పళ్ళెం ముందుకి తోస్తుంటే ‘ఇప్పుడే తిన్నానండీ’ అని తప్పించుకున్నాడు. తినలేదు. సాయంత్రానికి తన ఇంట్లో ఉంటాడు, తన ఇంట్లో ఇంకా రంజానే, కాబట్టి తనకి రోజానే. లిబియా పండగ రోజున పరగడుపున తిరుగుతున్న మనిషి తనొక్కడే అనుకున్నాడు.

బండి దగ్గరికి మొదట వచ్చినవాడు ఫైతూరి అనే కుర్రాడు. పిస్తాకాయ రంగు కొత్త చొక్కా, చేతిలో మిఠాయి పెట్టె. ‘బెన్ గర్దానెలో మా అత్తకి’ అన్నాడు. మిస్బాహ్ నోరు తెరిచేలోపే పెట్టె విప్పి ఒకటి నోట్లో వేసుకున్నాడు.

“నీ సంగతి విన్నాను మామా. ఇదిగో, తిన్నాను. ఇంకోటి కూడా తింటున్నా, చూసుకో. ఆఁ, నోరు చూస్తావా?” అని ఆవలించినట్టు నోరు బార్లా తెరిచాడు.

మిస్బాహ్‌కి ప్రాణం లేచొచ్చింది. ఇలాంటి మర్యాదస్తుడైన పిల్లవాణ్ణి చూసి ఎన్నాళ్ళయిందో అనుకుని వెనక సీటు అంతా అతనికే ఇచ్చాడు.

రెండో మనిషి ఒక ముసలామె. పేరు వనీసా. మక్కా వెళ్ళొచ్చిన మనిషి కాబట్టి హజ్జా వనీసా. చంకలో పెద్ద బిస్కెట్ల రేకు డబ్బా, దాని మూత చుట్టూ గుడ్డపట్టీ వేసి దగ్గరదగ్గరగా కుట్టేసి ఉంది. ఆ కుట్లు చూడగానే మిస్బాహ్ లోపల పురుగు కదిలింది.

“ఏముంది హజ్జా అందులో?”

“మక్రూద్ నాయనా. మీ వైపు గాబెస్‌లో నా కూతురికి.”

“దాన్ని కుట్టడం ఎందుకు?”

“తేనె కారుతుందని. మీ రోడ్డు గుంతలు నీకు తెలియవా?”

“విప్పు. నేను మళ్ళీ కుట్టి ఇస్తాలే. సూదీ దారం బండిలో ఉన్నాయి.”

ఆమె ఎగాదిగా చూసింది గానీ కుట్లు ఊడదీసింది. లోపల రవ్వ పిండిలో ఖర్జూరం ముద్ద కూరి, పలకలుగా కోసి, కాల్చి తేనెలో ముంచిన మక్రూద్‌లు వరసలు వరసలుగా ఉన్నాయి. వాసనకి మిస్బాహ్ మొహం పక్కకి తిప్పుకున్నాడు.

“ఒకటి తిను,” అన్నాడు.

“తినను.”

“పండగ పూట తీపి వద్దనే లిబియా మనిషిని నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.”

“ఇప్పుడు చూశావుగా. నేను రోజాలో ఉన్నాను.”

“పండగనాడు రోజా ఏమిటి హజ్జా? పాపం కూడానూ!”

“పాపమో పుణ్యమో నాకూ పైవాడికీ తెలుసు. నువ్వు బండి తోలు నాయనా.”

ఫైతూరి వెనకసీట్లోంచి తల బయట పెట్టి, “పోనీ మామా, ఆమె బదులు నేను తింటా,” అన్నాడు.

“ఇచ్చినవాళ్ళే తినాలి,” అన్నాడు మిస్బాహ్. డబ్బా తీసుకుని వెళ్ళిపొమ్మన్నాడు. ఆమె డబ్బాతో సహా ముందు సీట్లో కూర్చుని తలుపేసుకుంది. పండగ రోజు ఇంకో ప్రయాణికుడు దొరకడు. సాయంత్రం రోజా విడిచే అజాన్ వేళకి ఇంట్లో ఉండాలి. మిస్బాహ్ పళ్ళు కొరుక్కుంటూ పట్టీ మళ్ళీ కుట్టి, బండి తీశాడు.

ఊరు దాటాక ఫైతూరి ఊరుకోలేదు. “నిజం చెప్పు హజ్జా, పండగనాడు ఎందుకీ కడుపు మాడ్చుకోవడం?” అని గుచ్చి గుచ్చి అడిగాడు. ఆమె రోడ్డువైపు చూస్తూ, ఎవరితోనూ కానట్టు చెప్పింది. కూతురు హనియా గాబెస్‌లో టైర్ల కొట్టువాణ్ణి, హెదీ అనేవాణ్ణి, ఇష్టపడింది. సంబంధం మాట్లాడుకునే రోజున హెదీ తల్లి షర్బతు గ్లాసు చేతికిస్తే వనీసా పక్కన పెట్టేసింది. సరిహద్దు దగ్గర టైర్లు అమ్మేవాడు ఆ టైర్లలో ఏమేం పెట్టి దాటిస్తాడో, అలాంటి ఇంట్లో నీళ్ళు కూడా ముట్టనంది. హనియా ఆ గ్లాసు అందరిముందూ తనే తాగేసి, అతన్నే చేసుకుంది. అప్పట్నుంచి తల్లీకూతుళ్ళకి మాటల్లేవు. ఈ రంజాన్‌లో ఫోను చేసిందట.

“‘చివరి రోజా నా ఇంట్లో, నా చేత్తో విడవమ్మా. అప్పుడు నమ్ముతాను నువ్వు నా ఇంటిని నమ్మావని’ అంది. రాత్రి మాకు నెల కనబడింది, వాళ్ళకి కనబడలేదు. వాళ్ళకివాళ రోజా అయితే నాకూ రోజానే. నిండు కడుపుతో దాని ముందు కూర్చోలేను.”

ఫైతూరి ‘అయ్యో’ అన్నాడు. మిస్బాహ్ మాత్రం కథ మరీ కుదిరినట్టుంది అనుకున్నాడు. తను చేస్తున్నదీ అచ్చంగా అదే పని, ఇంటి లెక్కన పండగనాడు పస్తు ఉండటం. ఆ సంగతి ఒక్కసారైనా గుర్తుకి వస్తే ఈ కథ ఇక్కడితో అయిపోయేది. రాలేదు. అనుమానం పట్టిన మనిషికి ఎదుటివాళ్ళ మొహాలు తప్ప తన మొహం కనబడదు.

అద్దంలోంచి, ఓరకంట, ఆమెనే చూస్తూ పోయాడు. ఆమె డబ్బావైపు చూస్తే ‘ఎందుకంత ధ్యాస?’ అనుకున్నాడు. చూడకపోతే ‘ఎందుకు చూడటం లేదు?’ అనుకున్నాడు. ఎండ ఎంతవరకూ వచ్చిందని ఆమె అడిగితే ఎవడో కాచుకుని ఉన్నాడు కాబోలు అనుకున్నాడు. లిబియా గేటు దగ్గర జవాన్లు పండగని చెప్పి బండి బండికీ మిఠాయి పంచుతుంటే, ఫైతూరి రెండు చేతులా తీసుకుని తిన్నాడు. ఆమె తన వంతు రుమాల్లో కట్టుకుంది. అది కూడా లెక్కలో వేశాడు.

రెండు గేట్ల నడుమ బండ్లు బారులు తీరి ఉన్నాయి. ఉప్పు బీడు మీంచి వేడిగాలి కొడుతోంది. ఆమె కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతోంది. మిస్బాహ్ ఆ డబ్బానే చూస్తున్నాడు. ఖర్జూరం ముద్ద, లోపల ఏదో. మళ్ళీ ఖర్జూరమే. జైలు గదిలో తడిసిన గోడల వాసన ముక్కుకి తగిలింది. ఈ వయసులో ఇంకోసారి లోపలికి వెళ్తే తను బయటికి రాడు, తిబ్రా మళ్ళీ గరాటు పట్టుకోలేదు. అంతకంటే ముందే అధికారి చెవిలో వేస్తే బండి మిగులుతుంది, తను మిగులుతాడు.

టైరు చూసొస్తానని దిగాడు. నేరుగా మా వైపు గేటులో అధికారి దగ్గరికి పోయి వంగాడు.

“నా బండిలో ఒక ముసలామె. చేతిలో డబ్బా. కుట్టేసి తెచ్చింది. ముద్ద తినమంటే తినలేదు సార్.”

“ఇంకొకడు ఉన్నాడే, కుర్రాడు?”

“అతను తిన్నాడు సార్. నా ఎదురుగానే తిన్నాడు. అతనికి నేను పూచీ.”

చెప్పి వచ్చాక గుండెల మీంచి బండ దించుకున్నట్టు అనిపించింది. నిజంగా అనిపించింది, అబద్ధం చెప్పడం ఎందుకు.

బండి వంతు వచ్చింది. అధికారి ఫైతూరి పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి అవతలికి పొమ్మన్నాడు. హజ్జా వనీసాని మాత్రం డబ్బా తీసుకుని బల్ల దగ్గరికి రమ్మన్నాడు. పట్టీ కోసి, మూత తీసి, మొదటి వరస బల్ల మీద బోర్లించాడు. ఒక్కొక్క మక్రూద్‌నీ విరిచాడు, వేలితో కెలికాడు, వాసన చూశాడు. అతనూ రోజాలో ఉన్న మనిషే, ఆ తేనె వాసనకి అతని మొహం ఇంకా చిరాగ్గా మారింది. ఆమె ప్రతి ముక్క విరిగినప్పుడూ చెయ్యి కొంచెం ముందుకి చాచి వెనక్కి తీసుకుంటోంది. ఖర్జూరం తప్ప ఏమీ లేదు. ఎండ నడినెత్తి దాటి పడమటికి దిగింది.

“ఈ మధ్య మత్తుమందు పిండిలోనే కలిపేస్తున్నారమ్మా,” అన్నాడు అధికారి చేతులు తుడుచుకుంటూ. “వాసన పట్టే కుక్క మెదెనిన్ నుంచి రావాలి. అది వచ్చేసరికి చీకటి పడుతుంది. అంతసేపూ ఇక్కడే కూర్చోవాలి నువ్వు.” చుట్టూ చూశాడు, మిస్బాహ్ కనిపించాడు. నవ్వొచ్చింది. “ఎందుకీ తంటా? మన ముద్ద మిస్బాహ్ పద్ధతే పెడదాం. ఒకటి తినమ్మా. తిని వెళ్ళిపో. నువ్వు లిబియా మనిషివి, నీకు పండగేగా!”

బారులో జనం కిసుక్కున నవ్వారు.

“నా పాస్‌పోర్టుకి పండగే నాయనా,” అందామె. “నా కడుపుకి కాదు.”

“కడుపుకి ముద్ర వెయ్యడం నా పని కాదమ్మా. తింటావా, కూర్చుంటావా?”

ఆమె సూర్యుణ్ణి చూసింది. రోడ్డువైపు చూసింది. తినకుండా ఇక్కడ కూర్చుంటే కూతురింటికి అజాన్ వేళకి చేరదు. తింటే చేరుతుంది గానీ, ఎందుకు చేరాలో ఆ పనే పోతుంది. ఆమె ముందు ఉన్నవి ఆ రెండే, మూడోది లేదు. మిస్బాహ్‌కి అది ఆమె మొహంలో స్పష్టంగా కనిపించింది. అయినా ‘నటన ఎంత బాగుంది’ అని ఇంకా ఒక మూల అనుకుంటూనే ఉన్నాడు.

ఆమె ఒక విరిగిన ముక్క తీసుకుని నోట్లో పెట్టుకుంది. నెమ్మదిగా నమిలింది. గొంతు దిగడం అందరికీ కనిపించింది. కొంగుతో మూతి తుడుచుకుని, అధికారిని వదిలేసి మిస్బాహ్ వైపు తిరిగింది.

“నోరు తెరిచి చూపించనా?”

అధికారి ముద్ర కొట్టాడు. ఆమె బల్ల మీద ముక్కలన్నీ రెండు చేతులా డబ్బాలోకి ఎత్తుకుని, ఒక్క రవ్వ కూడా వదలకుండా తుడిచి, మూత పెట్టుకుంది.

బెన్ గర్దానె ఊరి మొదట్లో, పెట్రోలు డబ్బాలు పేర్చిన కొట్ల దగ్గర, “ఇక్కడే ఆపు మామా, మా అత్తిల్లు ఈ సందులోనే,” అని ఫైతూరి గబుక్కున దిగాడు. మిస్బాహ్ మర్యాదస్తుడైన కుర్రాడని మెచ్చుకుంటూ చెయ్యి ఊపాడు. కొంచెం దూరం పోయాక వెనక్కి చూస్తే మిఠాయి పెట్టె సీటు మీదే ఉంది. పిల్లవాడు మరిచిపోయాడు పాపం అనుకుని బండి ఆపి, ఇచ్చొద్దామని వెనక తలుపు తీశాడు.

సీటు కవరు పక్కన జానెడు పొడుగున కోసి ఉంది. కోసిన అంచు కొత్తది. లోపల స్పంజి తోడేసి, అరచెయ్యి పట్టేంత గూడు. అది ఖాళీ. సందులోకి పరుగెత్తుకెళ్ళి అడిగితే పిస్తాకాయ రంగు చొక్కాని అక్కడెవరూ ఎరగరు, ఏ అత్తా లేదు. వెనక సీట్లో కూర్చుని వాడు ఎప్పుడు కోశాడో, అందులో ఏం దాచి దాటించాడో మిస్బాహ్‌కి ఇప్పటికీ తెలియదు. తెలిసింది ఒక్కటే. ఆ అధికారి సీట్లు తడమకుండా వదిలేసింది తన పూచీ మీద.

తిరిగొచ్చేసరికి హజ్జా వనీసా దిగి నిలబడి, ఆ కోత వైపు చూస్తోంది. సరిహద్దు ఊళ్ళో పుట్టి పెరిగిన మనిషికి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

“వాడు మాత్రం రెండు తిన్నాడు,” అంది.

మిస్బాహ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆమెని బెన్ గర్దానె స్టాండులో గాబెస్ బండి ఎక్కించి ఇంటికి పోవాలి. తిబ్రా షోర్బా చారు పొయ్యి మీద పెట్టే ఉంటుంది. స్టాండు వచ్చింది. అతను ఆపలేదు. ఇంటి సందు వచ్చింది. ఆపలేదు.

“స్టాండు దాటిపోయింది నాయనా.”

“నేనే దింపుతాను హజ్జా. గాబెస్ దాకా.”

మెదెనిన్ దాటింది. ఆలివ్ తోటల నీడలు రోడ్డుకి అడ్డంగా సాగాయి. మిస్బాహ్ యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు. మారెత్ దగ్గరికి వచ్చాక, ఇంక పట్టలేక నోరు విప్పాడు.

“హజ్జా, ఒక మాట. నీ కూతురికి చెప్పకు. నువ్వు తిన్నావని ఎవరు చూశారు? ఆ గేటులో వాళ్ళు, నేను. వాళ్ళు రారు, నేను చెప్పను. అజాన్ వేళకి చేరిపోతాం. ఆమె చేత్తో పెడితే తిను. అయిపోతుంది.”

ఆమె అతనివైపు తిరిగింది. “నువ్వు టైరు చూసొస్తానని దిగి, ఆ అధికారి చెవి దగ్గర వంగావు. అప్పుడు నేను కళ్ళు మూసుకునే ఉన్నాననుకున్నావు కదూ?”

మిస్బాహ్ చూపు రోడ్డు మీదికి తిప్పేసుకున్నాడు.

“ఇన్నేళ్ళూ దాని ఇంటిని నమ్మలేదు నేను. ఇప్పుడు అబద్ధం మోసుకుని ఆ గడప తొక్కమంటావా?” అంది. తిట్టినా బాగుండేది. మామూలుగా అంది.

గాబెస్ చేరేసరికి వీధులు ఖాళీ. అందరూ ఇళ్ళల్లో కంచాల ముందు అజాన్ కోసం చూస్తున్న వేళ. టైర్ల కొట్టు మూసి ఉంది, పైన ఇల్లు. మెట్ల కింద హెదీ నిలబడి ఉన్నాడు, నల్లబడిన చేతుల మనిషి. అత్తగారి చెయ్యి కళ్ళకద్దుకుని డబ్బా అందుకున్నాడు. మిస్బాహ్ బండి తిప్పబోతే తలుపు పట్టుకున్నాడు.

“ఈ వేళప్పుడు గుమ్మం దాకా వచ్చినవాణ్ణి పంపిస్తే మా ఇంటికి మంచిదా అన్నా? దిగు.”

మిస్బాహ్ ఎంత వద్దన్నా వదల్లేదు. మా దేశంలో ఆ వేళ ఎవరూ వదలరు.

పైన హనియా బల్ల నిండా సర్ది పెట్టింది. కళ్ళలో వత్తులు వేసుకుని కూర్చున్న మనిషి తల్లిని చూడగానే లేచింది గానీ, దగ్గరికి రాలేదు. ముందు కూర్చోబెట్టింది. పక్కనే ఒక ఖర్జూరం, ఒక మజ్జిగ గ్లాసు పెట్టుకుంది. మసీదులో అజాన్ మొదలైంది. హనియా ఖర్జూరంలోంచి గింజ తీసి, దాన్ని తల్లి నోటి దగ్గర పెట్టింది.

“నోరు తెరువమ్మా.”

“నేను మధ్యాహ్నమే తిన్నాను తల్లీ,” అంది వనీసా. “దారిలో తిన్నాను.”

అజాన్ వినబడుతూనే ఉంది. హనియా చెయ్యి అక్కడే ఆగిపోయింది.

“నేనడిగింది ఒక్కటే,” అంది హనియా. “ఒకే ఒక్కటి. ఈసారి ఏం కలుపుతానోనని ముందే కడుపు నింపుకుని వచ్చావన్నమాట.”

వనీసా ఆ మాట పడటానికి తను తగినదాన్నే అన్నట్టు తల దించుకుంది. మిస్బాహ్ వైపు కన్నెత్తి కూడా చూడలేదు.

అతను ఊరుకోవచ్చు. ఎవరూ అతన్ని అడగలేదు, ఎవరూ అతని పేరు ఎత్తలేదు. రోజంతా ఎండిన నోరు, ముందు నీళ్ళ గ్లాసు ఉంది, తాగి మూతి తుడుచుకుని లేచిపోవచ్చు. గ్లాసు మీద చెయ్యి కూడా వేశాడు. తీసేశాడు.

“అమ్మా, ఆమె తినలేదు. నేను తినిపించాను.”

ముగ్గురూ అతనివైపు తిరిగారు. అప్పుడు చెప్పాడు. ముద్ద తిని నోరు చూపించమనే తన పద్ధతి, జువారాలో ఆమెని ముద్ద తినమన్న సంగతి, ఎందుకు తిననని ఆమె చెప్పిన సంగతి, తను నమ్మని సంగతి, అధికారి చెవిలో వేసిన సంగతి, బల్ల మీద విరిగిన మక్రూద్‌ల సంగతి, జనం నవ్విన సంగతి. సీటులో కోత గురించి కూడా చెప్పాడు. తనని కాపాడుకునే మాట ఒక్కటి కూడా మధ్యలో పెట్టలేదు. లామీన్ ఖర్జూరాల కథ నోటి దాకా వచ్చింది, మింగేశాడు.

హెదీ డబ్బా మూత తీసి చూశాడు. అన్నీ ముక్కలే. హనియా ఆ ముక్కల్ని చూసింది, తల్లిని చూసింది. కుర్చీ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఆ ఖర్జూరాన్నే మళ్ళీ పెట్టింది.

“రోజా పోతే పోనీ. తినమ్మా.”

వనీసా తిన్నది. ఆ ఇంట్లో ఆమె గొంతు దిగిన మొదటి ముద్ద అది. నమలడానికి చాలాసేపు పట్టింది, ఏడుస్తూ నమలడం కష్టం కదా. హనియా మజ్జిగ తాగించింది, తనూ అదే గ్లాసులో తాగింది.

తర్వాత లేచి, గిన్నెలో వేడి వేడి షోర్బా పోసి మిస్బాహ్ ముందుకి తెచ్చింది. అతను చెయ్యి చాచాడు. ఆమె ఇవ్వలేదు. చెంచా తీసుకుని, అతని కళ్ళల్లోకి చూస్తూ, ఆ గిన్నెలోంచే ఒక చెంచా తాగింది. మింగింది. మింగాక నోరు పూర్తిగా తెరిచి చూపించింది. అప్పుడు గిన్నె అతని ముందు పెట్టింది.

“ఏం కలపలేదు. ఇక తిను మామా.”

ఎవరూ నవ్వలేదు. మిస్బాహ్ ఎంతమంది నోళ్ళు ఇలా తెరిపించాడో అతనికే లెక్కలేదు. ఎదురుగా కూర్చుని అది చూడటం ఎంత సిగ్గుగా ఉంటుందో ఈ వేళే తెలిసింది. చెంచా ముంచాడు. ఇంటి దగ్గర తిబ్రా ఈపాటికి కంచం పెట్టుకుని, అతను రాకపోయినా, అలవాటు కొద్దీ అతని కంచంలోంచి మొదటి ముద్ద తినే ఉంటుంది. ఇన్నేళ్ళుగా రోజూ తింటోంది. షోర్బా చల్లారిపోయేదాకా ఆ చెంచా మిస్బాహ్ చేతిలోనే ఉండిపోయింది.